ఐదుకి రెండు

పోయిన నెల ఒక శనివారం మా ఆఫీసులో ఫ్రెషర్స్ డ్రైవ్ పెట్టారు. ఆఫీసు అనగానే హైటెక్ సిటీ గ్లాసు బిల్డింగులు ఊహించుకోకండి. మాది పంజాగుట్టలో చిన్న సర్వీస్ కంపెనీ. కింద మెడికల్ షాపు, పైన రెండు ఫ్లోర్లలో మేము. క్లయింట్లు మాత్రం బయటి దేశాల వాళ్లు, అందుకే ఫారాలన్నీ వాళ్ల టైపులోనే ఉంటాయి.

ప్యానెల్‌లో నన్ను కూర్చోబెట్టడం అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానే ఉంది. ఐదారేళ్ల క్రితం అమీర్‌పేటలో ఫైలు పట్టుకుని తిరిగిన పిల్ల ఇప్పుడు టేబుల్‌కి ఇటువైపు కూర్చుంది కదా!

మధ్యాహ్నం మూడింటికి ఒక అబ్బాయి వచ్చాడు. పేరూ ఊరూ చెప్పను. జావా బాగా వచ్చు. ఒక క్వెరీ రాయమంటే రాశాడు. అది ఎందుకు స్లో అవుతుందో అడక్కుండానే చెప్పాడు. నాకు నచ్చాడు. చివర్లో ఫారమ్‌లో ఉన్న ప్రశ్న ఇంగ్లిష్‌లో అడిగాను: ఐదేళ్ల తర్వాత నువ్వు ఎక్కడుంటావ్?

కాసేపు ఆగాడు. "తెలుగులో చెప్పొచ్చా మేడమ్?" అన్నాడు. చెప్పమన్నాను.

"మా నాయిన కౌలుకు చేస్తడు మేడమ్. నా చదువుకు అప్పైంది, అది తీర్చాలె. చెల్లె ఇంటర్ చదువుతున్నది, దాన్ని మంచిగ చదివియ్యాలె. అటెన్క అమ్మకు స్లాబ్ ఇల్లు కట్టియ్యాలె. రేకులిల్లు మేడమ్ మాది, ఎండాకాలం ఉండలేం."

అంతే. అతను బయటికెళ్లాక నా పక్కనున్న సీనియర్ అన్నాడు, "టెక్నికల్ ఓకే. డ్రైవ్ లేదు. నేను ఫలానాది అవుతా అనే మాట ఒక్కటైనా వచ్చిందా?" ఫారమ్‌లో 'అచీవ్‌మెంట్ డ్రైవ్' అని ఒక కాలమ్ ఉంది, ఒకటి నుంచి ఐదు దాకా. ఏ అంకె ఎప్పుడు వేయాలో పక్కనే రాసుంది. సొంత లక్ష్యాలు స్పష్టంగా చెబితే ఐదు. కుటుంబం, స్థిరత్వం లాంటి బయటి కారణాలు చెబితే రెండు. నేను రెండు వేశాను. ఏ కాలమ్‌లో అయినా మూడుకి తక్కువ పడితే పోర్టలే రిజెక్ట్ చేసేస్తుంది, మళ్లీ ఆరు నెలల దాకా అప్లై చేయనివ్వదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే వేశాను.

ఆ రాత్రి హాస్టల్ రోజులు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. 2019లో నేను కాకినాడ నుంచి అమీర్‌పేట వచ్చాను. ఎస్సార్ నగర్ దగ్గర లేడీస్ హాస్టల్, గదికి నలుగురం. పొద్దున్న మైత్రీవనం దగ్గర దిగితే చాలు, పది అడుగులు వేసేలోపు చేతిలో ఆరు పాంప్లెట్లు. జావా, టెస్టింగ్, డెవాప్స్, ఏడబ్ల్యూఎస్, అన్నిటికీ 'ఫ్రీ డెమో'. క్లాసు నోట్సు కొనాలంటే కింద జిరాక్స్ షాపుకి వెళ్లాలి. సార్ క్లాసులో చెప్పేది ఆ పుస్తకంలో ముందే ఉంటుంది, జోకులతో సహా.

అక్కడే ఒక మాక్ ఇంటర్వ్యూ సార్ ఉండేవాడు. ఐదేళ్ల ప్రశ్న నన్నూ అడిగాడు. నేను కూడా నిజమే చెప్పాను, అక్క పెళ్లికి చేసిన అప్పు తీర్చాలి అని. ఆయన పెన్ను టేబుల్ మీద పెట్టేసి, "ఇల్లు, పెళ్లి, అప్పు, ఈ మూడు మాటలూ ఇంటర్వ్యూలో ఎత్తకమ్మా. టీమ్ లీడ్ అవుతా, సొంతంగా ఒక మాడ్యూల్ డిజైన్ చేస్తా, సర్టిఫికేషన్ కొడతా, ఇలా చెప్పు. ప్రతి వాక్యం 'ఐ'తో మొదలవ్వాలి," అన్నాడు. నాలుగు రోజులు అద్దం ముందు బట్టీ పట్టాను. ఉద్యోగం వచ్చింది. అక్క పెళ్లి అప్పు 2022లో తీరింది. టీమ్ లీడ్ మాత్రం ఇంకా అవ్వలేదు.

అంటే నాకూ ఆ అబ్బాయికీ తేడా డ్రైవ్‌లో లేదు. నాకు ఆ సార్ దొరికాడు, అతనికి దొరకలేదు. అంతే.

అసలు ఈ కాలమ్ ఎవరు కనిపెట్టారో చూద్దామని ఆ రాత్రే వెతకడం మొదలెట్టాను. ఒక పేరు దగ్గర ఆగాను: డేవిడ్ మెక్‌లెలాండ్. హార్వర్డ్ సైకాలజీ ప్రొఫెసర్. మనుషుల్లో సాధించాలనే తపన ఎంతుందో కొలవచ్చని తన పనిలో ఎక్కువ భాగం దానికే పెట్టిన మనిషి. ఆయన గురించి చదువుతూ చదువుతూ ఉంటే మధ్యలో ఒక మాట కనబడి లేచి కూర్చున్నాను. కాకినాడ!

మా కాకినాడే. 1964లో ఆయన బృందం కాకినాడ చిన్న వ్యాపారుల మీద ఒక ప్రయోగం చేసింది. వాళ్లకి శిక్షణ ఎక్కడ ఇచ్చారో తెలుసా? హైదరాబాద్‌లో, చిన్న పరిశ్రమల వాళ్లకి పాఠాలు చెప్పే 'సీఎట్' అనే ప్రభుత్వ సంస్థలో. ఆ సంస్థ ఇప్పుడు ఎన్ఐ-ఎంఎస్ఎంఈ అన్న పేరుతో యూసఫ్‌గూడలో ఉంది. నేను రోజూ ఎక్కే పంజాగుట్ట మెట్రోలో ఒక స్టేషన్ వెళ్లి అమీర్‌పేటలో లైను మారితే, అక్కణ్నుంచి మధురానగర్, ఆ తర్వాత యూసఫ్‌గూడ. మొత్తం మూడు స్టేషన్లు. ఇన్నేళ్లూ ఆ గేటు ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లానో, బోర్డు కూడా చదవలేదు.

ముందు ఆయన కొలత ఎలా ఉండేదో చెప్తాను. ఎస్ఎస్‌బీ కోచింగ్‌కి వెళ్లిన ఫ్రెండ్ ఎవరైనా ఉంటే మీకు 'టాట్' తెలిసే ఉంటుంది. ఒక బొమ్మ చూపిస్తారు, దాని మీద కథ రాయాలి. 1930లలో హెన్రీ మర్రే, క్రిస్టియానా మోర్గాన్ తయారుచేసిన పరీక్ష అది. మెక్‌లెలాండ్ ఆ పద్ధతి తీసుకుని, కథల్లో ఏముందో లెక్కపెట్టే నియమాలు పెట్టాడు. కథలో మనిషి ఒక మంచి ప్రమాణంతో పోటీ పడుతున్నాడా? కొత్తది ఏదైనా సాధించాలనుకుంటున్నాడా? ఏళ్ల తరబడి ఒక లక్ష్యం పట్టుకుని ఉన్నాడా? ఉంటే మార్కు. మనుషులతో కలిసి ఉండాలి, వాళ్ల ప్రేమ పోగొట్టుకోకూడదు అనే ఆలోచన ఉంటే అది వేరే ఖాతాలోకి, 'అనుబంధం' ఖాతాలోకి వెళ్తుంది.

మనుషుల్ని కొలిచాక దేశాల్ని కొలవాలని ఆయనకి అనిపించింది. ఇది మాత్రం భలే ఐడియా, ఒప్పుకోవాలి. ఒక దేశం తన పిల్లలకి ఏ కథలు చెప్తుందో చూస్తే ఆ దేశం దేనికి విలువిస్తుందో తెలుస్తుంది కదా! అందుకని చిన్న క్లాసుల పాఠ్యపుస్తకాలు తెప్పించాడు. 1925 ప్రాంతానివి 23 దేశాల నుంచి, 1950 ప్రాంతానివి 40 దేశాల నుంచి. దేశానికి 21 కథలు. వాటికి మార్కులు వేసి, ఆ దేశాల్లో కరెంటు ఉత్పత్తి ఎంత పెరిగిందో దానితో పోల్చాడు. పిల్లల కథల్లో తపన ఎక్కువున్న దేశాలు తర్వాత వేగంగా ఎదిగాయన్నాడు. 1961లో 'ది అచీవింగ్ సొసైటీ' అనే పుస్తకం వేశాడు.

ఆ 1950 జాబితాలో ఇండియా మార్కు అమెరికా కంటే ఎక్కువ. అవును, ఎక్కువే. మన వాళ్లకి డ్రైవ్ తక్కువ అని మీటింగుల్లో ఎవరైనా అంటే ఈ ముక్క చెప్పండి. అయితే మరీ మురిసిపోకండి కూడా. తర్వాత వేరే పరిశోధకులు ఇంకొన్ని ఏళ్ల లెక్కలు కలిపి చూస్తే, పాఠ్యపుస్తకాల మార్కుకీ దేశం ఎదుగుదలకీ ఆ సంబంధం నిలబడలేదు.

నాకు మాత్రం చిన్నప్పటి వలలో పావురాల కథ గుర్తొచ్చింది. అన్నీ ఒక్కసారి రెక్కలు కొట్టి వలతో సహా ఎగిరిపోతాయి, ఎలుక దగ్గరకెళ్లి తాళ్లు కొరికించుకుంటాయి. దీనికి సాధన కింద మార్కు వేస్తారా, అనుబంధం కింద వేస్తారా? వేటగాడి నుంచి తప్పించుకోవడం పెద్ద అచీవ్‌మెంటే. కానీ ఏ ఒక్క పావురమూ "నేను" అనలేదు.

సరే, కాకినాడ సంగతికి వద్దాం. అప్పట్లో పడమటి వాళ్లలో ఒక నమ్మకం బలంగా ఉండేది. ఇక్కడి కర్మ సిద్ధాంతం, కులం, ఉమ్మడి కుటుంబం, ఇవన్నీ వ్యాపార బుద్ధికి అడ్డమని. మెక్‌లెలాండ్ దాన్ని వాదించి తేల్చకుండా పరీక్ష పెట్టాడు. కాకినాడ నుంచి 52 మంది వ్యాపారుల్ని బ్యాచులుగా పిలిచి, హైదరాబాద్‌లో పది రోజుల చొప్పున శిక్షణ ఇచ్చారు. పోల్చి చూడటానికి శిక్షణ ఇవ్వని ఊరు కావాలి కదా, దానికి రాజమండ్రిని తీసుకున్నారు. (గోదావరి వాళ్లకి ఇది చదివి నవ్వొస్తుంది. కాకినాడకీ రాజమండ్రికీ పోటీ పెట్టడానికి హార్వర్డ్ దాకా వెళ్లాలా?)

ఆ పది రోజుల్లో ఏం నేర్పారో చూడండి. ఆటలు ఆడించారు. అందులో రింగులాట ఒకటి. ఒక పుల్ల పాతి, ఎంత దూరం నుంచి రింగు వేస్తావో నువ్వే ఎంచుకో అంటారు. తపన ఎక్కువున్నవాళ్లు మరీ దగ్గరా నిలబడరు, మరీ దూరమూ వెళ్లరు, కష్టపడితే పడుతుంది అనిపించే మధ్య దూరం ఎంచుకుంటారని ఆయన సిద్ధాంతం. రెండేళ్ల లక్ష్యాలు రాయించారు. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, బొమ్మలు చూసి కథలు రాయించి, ఆ కథలకి మార్కులెలా పడతాయో వాళ్లకే నేర్పించారు. ఎక్కువ మార్కులొచ్చేలా మళ్లీ రాయించారు.

ఇది చదివి నేను ఫోన్ పక్కన పెట్టేశాను. మా మాక్ ఇంటర్వ్యూ సార్! ప్రతి వాక్యం 'ఐ'తో మొదలవ్వాలన్నాడే, అదే పని కదా ఇది! 1964లో కాకినాడ షావుకార్లకి హార్వర్డ్ వాళ్లు పది రోజుల్లో నేర్పింది, 2019లో అమీర్‌పేటలో ఆయన నాకు నాలుగు రోజుల్లో నేర్పాడు. ఫీజు తీసుకుని, రసీదు ఇవ్వకుండా.

మెక్‌లెలాండ్ తరఫున ఒక మాట చెప్పాలి. ఆయన ఉద్దేశం మనుషుల్ని వడగట్టడం కాదు, ఇది నేర్చుకోగల విషయం అని చూపించడం. చూపించాడు కూడా. రెండేళ్ల తర్వాత వెళ్లి చూస్తే, కొత్త వ్యాపారం పెట్టడం, ఉన్నది పెంచడం, కొత్త పనివాళ్లని తీసుకోవడం లాంటి పనులతో చురుగ్గా ఉన్నవాళ్లు, శిక్షణ లేనివాళ్లతో పోలిస్తే పొందినవాళ్లలో దాదాపు రెట్టింపు ఉన్నారు. నమ్మకాలూ ఆచారాలూ పాతవే, మనిషి మాత్రం కదిలాడు. సంప్రదాయం అడ్డు రాలేదని తేలింది. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో దాన్ని పుస్తకంగా వేశాడు.

ఆ పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. దాని గురించి జనం తక్కువ మాట్లాడతారు. శిక్షణ అందరి మీదా ఒకేలా పనిచేయలేదు. తన వ్యాపారంలో నిర్ణయం తన చేతిలో ఉన్నవాడి మీద బాగా పనిచేసింది. పైన తండ్రో అన్నో భాగస్వామో ఉండి, తన మాట చెల్లని చోట ఉన్నవాడు అదే పది రోజులు కూర్చున్నా పెద్దగా మార్పు కనబడలేదు.

మర్నాడు ఆదివారం. యూసఫ్‌గూడలో దిగి ఆ సంస్థ గేటు దాకా నడిచాను. సెలవు కాబట్టి లోపలికి వెళ్లే పని లేదు. గోడ అవతల పెద్ద చెట్లు, ఇవతల బైకులు, కొబ్బరిబోండాల బండి. ఫుట్‌పాత్ మీద నిలబడి నాన్నకి ఫోన్ చేశాను. నాన్నకి కాకినాడలో చిన్న స్టేషనరీ షాపు.

"నాన్నా, 1964లో మన ఊరి వ్యాపారుల్ని హైదరాబాద్ తీసుకెళ్లి ట్రైనింగ్ ఇచ్చారంట, తెలుసా?"

"నేను పుట్టకముందు సంగతి నాకెలా తెలుస్తాదే బుజ్జీ?"

"తాతయ్య ఎప్పుడైనా చెప్పాడా?"

నాన్న నవ్వాడు. "మీ తాతని ఎవరు పిలుస్తారమ్మా? అప్పటికాయన కొట్లో గుమస్తా. పిలిస్తే షావుకారుని పిలుస్తారు గానీ లెక్కలు రాసేవోణ్ని పిలుస్తారా?" కాసేపు ఆగి, "ఆయనకీ సొంత కొట్టు పెట్టాలనుండేది. ముగ్గురు చెల్లెళ్ల పెళ్లిళ్లయ్యేసరికి ఆయనకి యాభై ఐదొచ్చేశాయి. అప్పుడు నాతో పెట్టించాడు," అన్నాడు.

ఈ సంగతి నాకు ఇరవై ఎనిమిదేళ్లలో ఎవరూ చెప్పలేదు. మా షాపు తాతయ్య కోరిక అన్నమాట. ముప్పై ఏళ్లు ఒక లక్ష్యం పట్టుకుని ఉన్నాడు. మెక్‌లెలాండ్ నియమాల్లో దానికి మార్కుంది, ఏళ్ల తరబడి ఒక లక్ష్యం. కానీ 1964లో బొమ్మ చూపించి కథ రాయమంటే మా తాతయ్య ఏం రాసేవాడు? ఒకతను చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసి ఊపిరి పీల్చుకున్నాడు అని రాసేవాడు. ఐదుకి రెండు.

రింగులాట గురించి కూడా అక్కడే నిలబడి ఆలోచించాను. మధ్య దూరం నుంచి వేయాలంటే చేతిలో నాలుగు రింగులైనా ఉండాలి. ఒకటి పోతే ఇంకోటి వేయొచ్చు. ఇంటికి ఒకే ఒక్క రింగు ఉన్నప్పుడు, అది కూడా అప్పు చేసి కొన్నది అయినప్పుడు, ఎవరైనా పుల్ల పక్కనే నిలబడి జాగ్రత్తగా దించుతారు. దాన్ని తపన లేకపోవడం అంటే ఎలా?

'సాధన' అంటే ఏంటో అమెరికా పుస్తకంలో చూసుకోకుండా ఇక్కడివాళ్లనే అడిగి చూడాలని మనవాళ్లకీ అనిపించింది. రేఖా అగర్వాల్, గిరీశ్వర్ మిశ్రా 1986లో ఆ పని చేశారు. ఇక్కడ సాధన అనే మాటలో సొంత గెలుపుతో పాటు చుట్టూ ఉన్న మనుషులకి చేయాల్సిందీ కలిసే ఉందని తేల్చారు. ఆ అబ్బాయి స్లాబ్ ఇల్లు అన్నది అదే.

పిల్లల మీద చేసిన ఇంకో ప్రయోగం నాకు బాగా నచ్చింది. 1999లో షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ ప్రచురించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి అక్షరాలు కలిపి మాటలు చేసే పజిళ్లు ఇచ్చారు. కొందరిని నీకిష్టమైనవి ఎంచుకోమన్నారు. కొందరికి, ఇవి మీ అమ్మ ఎంచింది అని చెప్పారు (అమ్మనేం అడగలేదు, ఊరికే చెప్పారు). తెల్ల అమెరికన్ పిల్లలు తామే ఎంచుకున్నప్పుడు బాగా చేశారు. చైనా, జపాన్ మూలాలున్న పిల్లలు అమ్మ ఎంచిందంటే ఇంకా బాగా చేశారు.

చదవగానే మన కథే అనిపిస్తుంది కదా? ఎంపీసీ అమ్మ ఎంచింది, సీఎస్‌ఈ మావయ్య ఎంచాడు, జావా పక్కింటి అన్నయ్య ఎంచాడు! కానీ దీన్ని పట్టుకుని ఆహా మన సంస్కృతి అని నేను పాట పాడను. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయికి కోడింగ్ అంటే పరమ అసహ్యం. వాళ్ల నాన్న కోసమే చదివేది. రాత్రి రెండింటికి బాత్రూమ్‌లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేది. ఎనిమిది నెలలకి ఇంటికెళ్లిపోయింది. ఇంటికోసం అనే మాట కొందరికి పెట్రోలు, కొందరికి మెడమీద బండ. అమీర్‌పేటలో రెండురకాల వాళ్లూ ఒకే మెస్సులో తింటారు. ఫారమ్‌లో రెండురకాల వాళ్లకీ అదే రెండు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. ఇది 2024లో వచ్చింది, మెద్వెదేవ్, టాల్‌హెల్మ్ మరి కొందరు కలిసి చేసింది. ఆరు దేశాల్లో 8,133 మందికి పని ఇచ్చి, డబ్బు ఇస్తామంటే ఎంత కష్టపడతారు, పోటీ, సాయం లాంటి మాటలతో ప్రోత్సహిస్తే ఎంత కష్టపడతారు అని చూశారు. పేద దేశాల వాళ్లు డబ్బుకే ఎక్కువ కదులుతారని అందరూ అనుకుంటారు కదా! తలకిందులుగా వచ్చింది. ఆ రెండిటి మధ్య డబ్బుకున్న ఆధిక్యం అమెరికా, బ్రిటన్‌లలోనే పెద్దది. ఇండియా, చైనా, మెక్సికో, దక్షిణాఫ్రికాల్లో చిన్నది.

ఆ తర్వాత ఇండియాలో హిందీ, ఇంగ్లిష్ రెండూ వచ్చిన 2,065 మంది ఫేస్‌బుక్ యూజర్లని తీసుకుని, లాటరీ వేసినట్టు కొందరికి హిందీలో, కొందరికి ఇంగ్లిష్‌లో పని చెప్పారు. హిందీలో చెప్పినప్పుడు, మాటల ప్రోత్సాహంతో పోలిస్తే డబ్బు 27% ఎక్కువ పని చేయించింది. ఇంగ్లిష్‌లో చెప్పినప్పుడు 52%. అదే దేశం, అలాంటి మనుషులే. అడిగిన భాష మారితే మోటివేషన్ మారింది.

"తెలుగులో చెప్పొచ్చా మేడమ్?" అని అతను అడిగింది గుర్తొచ్చి గుండె కలుక్కుమంది. ఇంగ్లిష్‌లో చెప్పి ఉంటే ఏం చెప్పేవాడో! బహుశా నాకు కావాల్సిందే చెప్పేవాడు. తెలుగులోకి మారి నిజం చెప్పాడు. నిజానికే నేను రెండు వేశాను.

ఇంత చదివాక తెలిసిన తమాషా ఇంకోటి ఉంది. మా ఫారమ్‌లోని ఈ 'కాంపిటెన్సీ' కాలమ్‌ల వంశవృక్షం వెతికినా మళ్లీ మెక్‌లెలాండ్ దగ్గరికే చేరుతుంది. 1973లో ఒక వ్యాసం రాశాడు. ఐక్యూ పరీక్షలూ కాలేజీ మార్కులూ చూసి ఉద్యోగాలివ్వడం ఆపండి, వాటివల్ల పెద్ద కుటుంబాల పిల్లలకే లాభం, అసలు పని చేయగలడా లేదా చూడండి అని వాదించాడు. తలుపులు తెరవడానికి చేసిన తాళంచెవి అది. మా పోర్టల్ దాంతో తలుపు వేస్తోంది.

సోమవారం హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను. ఆ అబ్బాయి స్కోరు నేను తప్పు వేశాను, మార్చాలి అని. ఒకసారి సబ్మిట్ చేశాక మారదు, సిస్టమ్ లాక్ అవుతుంది అన్నారు. మరి ప్రశ్నయినా మారుద్దాం, 'మీ అంతట మీరు తీసుకున్న ఒక నిర్ణయం చెప్పండి, దానికోసం ఏం వదులుకున్నారో చెప్పండి' అని అడుగుదాం, ఏ భాషలో అయినా చెప్పనిద్దాం, కుటుంబం పేరెత్తితే మార్కు తగ్గించే ఆ లైను తీసేద్దాం అని రెండో మెయిల్ పెట్టాను. దానికి ఒక్క మాట జవాబు: 'నోటెడ్'.

సీనియర్‌తో టీ తాగుతూ ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "మరి నువ్వెందుకు పనిచేస్తున్నావ్?" అన్నాడు. మొదట అప్పు కోసం, ఇప్పుడు పని నచ్చింది కాబట్టి, ఎప్పుడు ఒకటి రెండోదిగా మారిందో నాకే తెలీదు అన్నాను. నువ్వో అని అడిగితే చాలాసేపు కప్పులోకి చూసి, "ఈఎంఐ," అన్నాడు. ఆయన ఫైలులో డ్రైవ్ ఎంతుందో అడగలేదు.

వచ్చే శనివారం మళ్లీ డ్రైవ్ ఉంది, ప్యానెల్‌లో నేనున్నాను. ఫారమ్ అదే. ఆ అబ్బాయి రెజ్యూమె నా డౌన్‌లోడ్స్‌లో ఇంకా ఉంది. వేరే కంపెనీలో పనిచేసే నా హాస్టల్ ఫ్రెండ్‌కి వాళ్ల టీమ్‌లో జావా వాళ్లు కావాలంట. అతన్ని అడిగే పంపుదామని ఫోన్ చేశాను. ఎత్తగానే, "మేడమ్, నాది సెలెక్ట్ అయ్యిందా?" అన్నాడు.